సైకిల్ మీద వచ్చిన అంకెతో పరుగును తూచొచ్చా?

ఈసారి ఉత్తరం అనంతపురం వైపు పల్లె నుంచి వచ్చి, నగరంలో ఒక శిక్షణ హాస్టల్లో ఉంటున్న అమ్మాయిది. పేరు రాయొద్దంది. వయసు 20, డిగ్రీ రెండో సంవత్సరం. 1500, 5000 మీటర్లు పరిగెడుతుంది.

పోయినేడు ట్రెడ్‌మిల్ మీద పరీక్ష చేస్తే ఆమె వీఓటూ మ్యాక్స్ (ఒళ్లు గరిష్ఠంగా వాడుకోగల ఆక్సిజన్ కొలత) 56 వచ్చింది. ఈసారి ట్రెడ్‌మిల్ చెడిపోయిందని అందరికీ ల్యాబ్‌లోని సైకిల్ మీదే చేశారు. తనకు 49 వచ్చింది. అదే రోజు, అదే సైకిల్ మీద రూమ్మేట్‌కు 55 వచ్చింది. ఆ అమ్మాయి సైక్లిస్టు. కోచ్ కాగితం చూసి, "ఇంజిన్ చిన్నదైపోయింది, ఈ ఏడాది నువ్వు మనసు పెట్టి చెయ్యలేదు" అన్నారట. నెలాఖరులో క్యాంపు జాబితా వేస్తారు. అమ్మాయిలకు 52 దాటాలని గీత పెట్టుకున్నారు. జాబితాలో పేరు లేకపోతే భోజనం, బూట్ల ఖర్చు ఇంటి నుంచి తెచ్చుకోవాలి. నాన్న వేరుశనగ రైతు. ఫోన్లో సంగతంతా విని, "చాల్లేమ్మా, వచ్చెయ్, బీఈడీ చేద్దువుగాని" అన్నారు.

పరీక్ష వివరాలు కూడా శ్రద్ధగా రాసింది. 50 వాట్లతో మొదలుపెట్టి నిమిషానికి 25 చొప్పున పెంచారు. ఏడో నిమిషంలో, 200 వాట్ల దగ్గర ఆగిపోయింది. గుండె వేగం పోయినేడు 198 దాకా వెళ్లింది, ఈసారి 184 దాటలేదు. కాగితంలో ఆర్‌ఈఆర్ (వదిలిన, తీసుకున్న వాయువుల నిష్పత్తి) 1.04 అని ఉంది. బరువు 46 కిలోల నుంచి 48కి వచ్చింది. "ఊపిరి ఇంకా ఉంది సార్, తొడలే బిగుసుకుపోయాయి. నా ముందు చేసిన అబ్బాయి పొడుగు. సీటు అలాగే వదిలేశారు, కాలి వేళ్లతో అందుకుని తొక్కాను" అంది. పోటీల్లో మాత్రం 5000 మీటర్లు పోయినేడు 18 నిమిషాల 20 సెకన్లు, ఈ సీజన్లో 18 నిమిషాల 16 సెకన్లు.

రెండు నెలలుగా మోకాలి కింద, ముందువైపు ఎముక నొప్పి. అందుకని వారానికి రెండు రోజులు పరుగు మాని సైకిల్ తొక్కుతోంది. చివర్లో, వేరే విషయాల మధ్య, మూడు నెలలుగా నెలసరి రాలేదని ఒక్క వాక్యం రాసింది.

నా శక్తి నిజంగానే తగ్గిందా? కోచ్‌కు ఏమని చెప్పాలి? సైక్లింగ్‌కు మారిపోమంటోంది స్నేహితురాలు, మారనా? నాన్న మాట వినేయనా? ఇవీ ఆమె ప్రశ్నలు.

అమ్మా,

నీ వయసు పిల్లల్ని నువ్వు అనడమే నాకు అలవాటు, అలాగే రాస్తున్నాను.

ముందు నీ టెన్షన్ కొంచెం తగ్గే మాట చెప్తాను. నీ శక్తి తగ్గిందని తేల్చడానికి ఆ కాగితం చాలదు. తగ్గలేదని తేల్చడానికీ చాలదు. కానీ నువ్వు రాసిన వివరాలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే, 56కీ 49కీ మధ్య తేడాలో ఎక్కువ భాగం నీది కాదని, ఆ సైకిల్‌దని నాకు గట్టిగా అనిపిస్తోంది. ఎందుకో వివరంగా చెప్తాను, ఎందుకంటే రేపు కోచ్ ముందు మాట్లాడాల్సింది నువ్వే.

వీఓటూ మ్యాక్స్ అంటే నిమిషానికి, నీ ఒంట్లో ఒక్కో కిలో బరువుకు, నువ్వు గరిష్ఠంగా ఎన్ని మిల్లీలీటర్ల ఆక్సిజన్ వాడుకోగలవన్నది. వందేళ్ల కిందట ఇంగ్లండ్‌లో ఏ.వి. హిల్ అనే శాస్త్రవేత్త వీపున గాలి సంచీ కట్టుకుని తనే పరిగెత్తి ఈ కొలతకు దారి వేశాడు. ఆయనకు 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి వచ్చింది. ఇందులో రెండు పనులున్నాయి. గుండె రక్తాన్ని పంపాలి, కండరాలు ఆ రక్తంలోంచి ఆక్సిజన్‌ను తీసుకోవాలి. ఈ రెండోదాన్ని చాలామంది మర్చిపోతారు. మీ పొలంలో బోరు మోటారు ఎంత పెద్దదైనా, డ్రిప్ లైన్లు సగమే తెరిచి ఉంటే నేలకు చేరే నీళ్లు సగమే. నీ మోటారు గుండె. లైన్లు నువ్వు ఆ పనిలో వాడే కండరాలు.

దీనికి నాకు బాగా నచ్చిన రుజువు ఒకటుంది. 1976లో స్వీడన్‌కు చెందిన బెంట్ సాల్టిన్, ఆయన సహచరులు కొంతమందితో కొన్ని వారాలు ఒంటికాలితో సాధన చేయించారు. తర్వాత రెండు కాళ్లనూ విడివిడిగా పరీక్షించారు. సాధన చేసిన కాలు బాగా మెరుగైంది, రెండో కాలు పెద్దగా మారలేదు. గుండె ఒకటే, ఊపిరితిత్తులు ఒకటే, రక్తం ఒకటే. తేడా అంతా కాలి కండరాల్లోనే వచ్చింది. ఏ కండరాలతో ఏళ్ల తరబడి పని చేయించావో వాటిలోనే సన్నటి రక్తనాళాలు పెరుగుతాయి, ఆక్సిజన్ వాడుకునే ఏర్పాట్లు పెరుగుతాయి.

నువ్వు ఇన్నాళ్లూ పరుగులో పెంచుకున్నది పిరుదులు, తొడ వెనక కండరాలు, పిక్కలు, నడుము, చేతుల ఊపు, అన్నీ కలిపి. సైకిల్ మీద కూర్చోగానే పై ఒళ్లంతా దాదాపు ఖాళీ. భారం ఎక్కువగా తొడ ముందు కండరాల మీద పడుతుంది. వాట్లు పెరిగేకొద్దీ ప్రతి తొక్కుకూ ఆ కండరం గట్టిగా బిగుసుకుంటుంది. బిగుసుకున్నంతసేపూ తన రక్తనాళాలను తనే నొక్కేసుకుంటుంది. పరుగులో పాదం నేల మీద ఉండేది క్షణంలో చిన్న వంతు కాబట్టి ఇంత ఇబ్బంది రాదు. అందుకే సైకిల్ అలవాటు లేనివాళ్లలో గుండె ఇంకా పంపగలిగే స్థితిలో ఉండగానే తొడలు చేతులెత్తేస్తాయి. నువ్వు రాసిన వాక్యం, "ఊపిరి ఇంకా ఉంది, తొడలే బిగుసుకుపోయాయి" అన్నది, నీ పరీక్ష గురించి ఆ 49 కంటే ఎక్కువ సంగతి చెప్తోంది.

గుండె వేగం కూడా అదే మాట అంటోంది. మామూలుగా సైకిల్ మీద గరిష్ఠ గుండె వేగం పరుగులో కంటే అయిదు నుంచి పది దాకా తక్కువ ఉంటుంది. నీకు 14 తక్కువ ఉంది. అంటే గుండె తన హద్దు దాకా వెళ్లకుండానే పరీక్ష ముగిసి ఉండాలి. ఆర్‌ఈఆర్ అనేది నువ్వు వదిలిన కార్బన్ డయాక్సైడ్‌కూ తీసుకున్న ఆక్సిజన్‌కూ నిష్పత్తి. నిజంగా చివరి దాకా వెళ్లినప్పుడు అది 1.10 దాటడం చూస్తాం. నీది 1.04 దగ్గరే ఆగింది. అలాంటప్పుడు వచ్చిన అంకెను గరిష్ఠం అనకుండా, ఆ రోజు ఆ సైకిల్ మీద చేరిన ఎత్తు అని మాత్రమే అనాలి.

పరుగువాళ్లను సైకిల్ మీద కొలిస్తే 5 నుంచి 10 శాతం తక్కువ రావడం, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే తగ్గడం ల్యాబుల్లో మామూలే. సైకిల్ తొక్కేవాళ్ల సంగతి వేరు. వాళ్లకు రెండింటిలోనూ దాదాపు ఒకటే వస్తుంది, లేదా సైకిల్ మీదే ఎక్కువ వస్తుంది. 1977లో నార్వేలో స్ట్రోమ్మె బృందం స్కీయింగ్, పడవ పోటీలు, సైక్లింగ్ చేసే మేటి క్రీడాకారులను ట్రెడ్‌మిల్ మీద ఎత్తుకు పరిగెత్తించి, మళ్లీ వాళ్ల వాళ్ల ఆటలోనే పరీక్షించింది. సొంత ఆటలోనే అంకె ఎక్కువ వచ్చింది. ఈత, సైకిల్, పరుగు కలిసిన ట్రయాథ్లాన్‌వాళ్లు సైకిల్, పరుగు రెండూ సాధన చేస్తారు కాబట్టి వాళ్లలో తేడా తక్కువ. కనుక నీ రూమ్మేట్ 55ను, నీ 49ను ఒకే వరుసలో పెట్టడం సరి కాదు. ఆమె తన ఇంట్లో పరీక్ష రాసింది, నువ్వు పరాయి ఇంట్లో రాశావు. ఆమె మీద మనసులో ఏమైనా పెట్టుకుని ఉంటే తీసెయ్యి. తనకు వచ్చింది తను కష్టపడి తెచ్చుకున్నదే.

ఇప్పుడు బరువు లెక్క చూద్దాం. పోయినేడు 56ను 46తో హెచ్చవెయ్యి. నిమిషానికి 2576 మిల్లీలీటర్లు. ఈసారి 49ని 48తో హెచ్చవేస్తే 2352. పోయినేటి ఆక్సిజన్‌నే ఈనాటి 48 కిలోలకు పంచితే 53.7 వస్తుంది. అంటే కాగితం మీద తగ్గిన ఏడింటిలో రెండుకు పైగా కేవలం బరువు మారినందువల్ల వచ్చిన తగ్గుదల. మొత్తం ఆక్సిజన్‌లో తగ్గింది తొమ్మిది శాతం లోపే. పరుగు మనిషిని సైకిల్ ఎక్కిస్తే ఎంత తగ్గుతుందని చెప్పుకున్నామో సరిగ్గా ఆ మేరే.

ఈ లెక్క చూసి తిండి తగ్గించేస్తావేమోనని నాకు భయంగా ఉంది. ఆ పని చెయ్యొద్దు. ఇరవై ఏళ్ల వయసులో సాధన చేసే అమ్మాయికి ఏడాదిలో రెండు కిలోలు పెరగడం తప్పు కాదు. దాని గురించి ఇంకో మాట కింద చెప్తాను.

పరీక్ష జరిపిన తీరు చూద్దాం. ఇలాంటి పరీక్ష 8 నుంచి 12 నిమిషాల మధ్య ముగిసేలా భారం పెంచుకుంటూ పోతారు. 70 కిలోల అబ్బాయికి నిమిషానికి 25 వాట్లు సరిపోవచ్చు. 48 కిలోల నీకు అది నిమిషనిమిషానికీ కిలోకు అర వాట్ పైగా మీద పడ్డట్టు. 15 వాట్ల చొప్పున పెంచి ఉంటే తొడలు అంత త్వరగా బిగుసుకునేవి కావు. సీటు సంగతి ఇంకా ముఖ్యం. పెడల్ అడుగుకు చేరినప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉండాలి. వేళ్లతో అందుకోవాల్సి వస్తే తుంటి అటూ ఇటూ ఊగుతుంది, పిక్క ముందే అలసిపోతుంది, తొక్కులో బలం పోతుంది. చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, ప్రతి ఒక్కరికీ సీటు కొలిచి సర్దకుండా సైకిల్ పరీక్ష మొదలుపెట్టకూడదు.

సైకిల్ పనికిరాని యంత్రం అనుకోకు. ఎన్ని వాట్ల పని చేశారో కచ్చితంగా తెలుస్తుంది, పడిపోయే ప్రమాదం లేదు, ఈసీజీ గీతలు కదలకుండా వస్తాయి, రక్తం తీయడం తేలిక. అందుకే ఆసుపత్రుల్లో, ల్యాబుల్లో దాన్ని ఇష్టపడతారు. సైక్లిస్టును కొలవాలంటే అంతకన్నా మంచిది లేదు. ట్రెడ్‌మిల్ మీద పెట్టుకున్న 52 అనే గీతను తెచ్చి సైకిల్ అంకె మీద వెయ్యడమే ఇక్కడ జరిగిన పొరపాటు.

ఇంతా చెప్పాక నిజాయితీగా ఇంకో వైపు కూడా చెప్పాలి. నీ శక్తి కొంచెం తగ్గి ఉండే అవకాశం లేకపోలేదు. రెండు నెలలుగా నొప్పితో పరుగు తగ్గింది. రక్తంలో ఇనుము తగ్గితే ఆక్సిజన్ మోసే సత్తా తగ్గుతుంది, మన అమ్మాయిల్లో ఇనుము లోపం చాలా ఎక్కువ. పోటీ సమయం నాలుగు సెకన్లు మెరుగైంది కదా అంటావు. అది మంచి సాక్ష్యం, కానీ పూర్తి సాక్ష్యం కాదు, ఎందుకంటే పరుగు సమయం ఈ ఒక్క అంకె మీద నడవదు. ఆస్ట్రేలియా మారథాన్ రన్నర్ డెరెక్ క్లేటన్ 1969లో 2 గంటల 8 నిమిషాల 34 సెకన్లతో ప్రపంచంలోనే అత్యుత్తమ సమయం నమోదు చేశాడు. ఆయన వీఓటూ మ్యాక్స్ 70కి అటూఇటుగానే ఉండేది. అంతకంటే ఎక్కువ అంకె ఉన్నవాళ్లెందరో ఆయన వెనక పరిగెత్తారు. తక్కువ ఆక్సిజన్‌తో ఎక్కువ వేగం తీయడం ఆయన బలం. నార్వే కుర్రాడు ఓస్కార్ స్వెన్సెన్‌కు 2012లో, 18 ఏళ్ల వయసులో 97.5 నమోదైంది. ఆ ఏడాదే జూనియర్ ప్రపంచ సైక్లింగ్ టైమ్ ట్రయల్ గెలిచాడు. రెండేళ్లకే పోటీ సైక్లింగ్ వదిలేశాడు. క్యాంపుకు ఎవరిని తీసుకోవాలో ఈ ఒక్క అంకెతో తేల్చడం నాకు నచ్చదు. అది ట్రెడ్‌మిల్ మీద తీసినా సరే.

ఇక నువ్వు ఒక్క వాక్యంలో దాటేసిన విషయం. మూడు నెలలుగా నెలసరి రాలేదన్నావు. పక్కనే ఎముక నొప్పి ఉందన్నావు. ఈ రెండూ కలిసి వచ్చినప్పుడు నాకు ఆ 49 గురించి ఆలోచనే రాదు. సాధనకు సరిపడా తిండి అందనప్పుడు శరీరం ముందు నెలసరిని ఆపుతుంది, ఆ తర్వాత ఎముకల బలం తగ్గుతుంది. బరువు రెండు కిలోలు పెరిగింది కదా, తిండి ఎలా చాలకుండా పోతుంది అనుకోకు. బరువు నిలకడగా ఉన్నవాళ్లలో, పెరిగినవాళ్లలో కూడా ఇది చూస్తాం. ఎముక మీద ఒకే చోట వేలితో నొక్కితే ప్రాణం పోయినంత నొప్పి ఉందా? రాత్రి పడుకున్నా నొప్పి ఉంటోందా? ఒంటికాలి మీద గెంతితే అక్కడే పొడుస్తోందా? ఇందులో ఏ ఒక్కటి ఉన్నా ఎముకలో సన్నటి చీలిక ఉండొచ్చు. దాని మీద పరిగెత్తితే నెలలు పోతాయి. ఈ వారంలోనే ఎముకల డాక్టరుకు చూపించు. నెలసరి గురించి లేడీ డాక్టరుతో మాట్లాడు, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. రక్త పరీక్షలో హిమోగ్లోబిన్‌తో పాటు, ఒంట్లో ఇనుము నిల్వను చూపే ఫెరిటిన్ కూడా చూడమని అడుగు. హిమోగ్లోబిన్ బాగానే ఉండి ఫెరిటిన్ అడుగంటిన పరుగు అమ్మాయిలు చాలామంది ఉంటారు. ఇనుము మాత్రలు మాత్రం రిపోర్ట్ రాకుండా సొంతంగా మింగకు.

ఇవి తేలాకే మిగతావి. నీ ముందు కొన్ని దారులున్నాయి, వేటి లాభనష్టాలు వాటికున్నాయి.

మొదట, ఏ ఖర్చూ లేని పని ఒకటి చెయ్యి. మీ గుంపులో పరుగు చేసే మిగతా అమ్మాయిలకు పోయినేడు ట్రెడ్‌మిల్ మీద ఎంత, ఈసారి సైకిల్ మీద ఎంత వచ్చిందో అడిగి ఒక కాగితం మీద రాసుకో. అందరికీ నాలుగైదు చొప్పున, ఆరేడు చొప్పున తగ్గి ఉంటే గుంపంతా ఒకేసారి బద్ధకించారని ఏ కోచ్ అనరు. సైకిల్ ప్రభావం ఆయన కళ్లముందే కనిపిస్తుంది. అప్పుడు నువ్వొక్కదానివే వెళ్లి మొరపెట్టుకోనక్కర్లేదు, నలుగురూ కలిసి అడగొచ్చు. ఒకవేళ మిగతావాళ్లకు రెండు మూడే తగ్గి, నీకు మాత్రమే ఏడు తగ్గితే అది కూడా నీకు తెలియాల్సిన విషయమే. సీటు, బరువు, నొప్పి, ఇనుము, వీటిలో ఏదో నీకు ప్రత్యేకంగా ఉందని అర్థం.

ట్రెడ్‌మిల్ మీద మళ్లీ పరీక్ష చెయ్యమని అడగడం ఒక దారి. పోయినేటి అంకెతో సూటిగా పోల్చుకోగలిగేది ఇదొక్కటే. ముందు రెండు రోజులు గట్టి సాధన ఉండకూడదు. పోయినేడు ఏ పద్ధతిలో వేగం, ఎత్తు పెంచారో ఈసారీ అలాగే పెంచాలి. పరీక్ష ముగిశాక కాసేపు విశ్రాంతి ఇచ్చి, చివరి భారానికి కొంచెం పైన ఇంకోసారి పరిగెత్తించి అదే అంకె వస్తుందో లేదో చూడమని అడుగు. మంచి ల్యాబులు ఇది చేస్తాయి. కష్టం ఎక్కడంటే, మీ దగ్గర యంత్రం బాగయ్యేసరికి జాబితా వెళ్లిపోవచ్చు, బయట చేయిస్తే డబ్బు అవుతుంది. అక్కడా 51 వస్తే ఇక సైకిల్ మీద నెపం వెయ్యలేవు, దానికి మనసు సిద్ధం చేసుకోవాలి. ఎముక నొప్పి తేలకముందు ఈ దారి పూర్తిగా మూసి ఉన్నట్టే అనుకో.

రెండో దారి, ట్రాక్ మీద 3000 మీటర్ల టైమ్ ట్రయల్ పెట్టమని అడగడం. ఖర్చు లేదు, కోచ్ స్టాప్‌వాచ్ చాలు, నీ ఆటకు దగ్గరి కొలత. జాబితా వేసేవాళ్లకు అంకె కావాలని పట్టుంటే మాత్రం ఇది సరిపోకపోవచ్చు. పైగా ఒక్క రోజు ఎండ, గాలి, మొదటి ల్యాప్ తొందర, అన్నీ సమయాన్ని మార్చేస్తాయి. ఇదీ నొప్పి తగ్గాకే.

మూడోది, ఇప్పుడు పరిగెత్తే స్థితి లేకపోతే, ఈ సీజన్ పోటీ సమయాలు ముందు పెట్టి, పరీక్ష వాయిదా వెయ్యమని అడగడం. డాక్టర్ కాగితం చేతిలో ఉంటే ఈ మాటకు బలం ఉంటుంది. కోచ్ ఒప్పుకోకపోతే ఈసారి జాబితా చేజారవచ్చు. బాధే. అయినా ఎముక విరిగి ఏడాది పోగొట్టుకోవడంతో పోలిస్తే ఇది చిన్న నష్టం.

ఏ దారి ఎంచుకున్నా, కోచ్‌తో మాట్లాడే తీరు ముఖ్యం. అందరి ముందూ అడగొద్దు. సాయంత్రం సాధన అయ్యాక, ఆయన తీరిగ్గా ఉన్నప్పుడు, రెండేళ్ల కాగితాలూ పట్టుకుని వెళ్లు. "సార్, మీరు చెప్పింది ఆలోచించాను. పోయినేడు ట్రెడ్‌మిల్, ఈసారి సైకిల్. గుండె వేగం 198కి బదులు 184 దగ్గరే ఆగింది, ఆర్‌ఈఆర్ 1.04 ఉంది. పరీక్ష చివరి దాకా వెళ్లలేదేమోనని నా అనుమానం. ఒక్కసారి చూస్తారా?" అని అడుగు. తప్పు మీదే అన్నట్టు కాకుండా, నా సందేహం తీర్చండి అన్నట్టు. యంత్రం చెడిపోవడం ఆయన చేతిలో లేదు. అంతమంది పిల్లల్లో కొందరినే ఎంచాల్సిన ఒత్తిడి ఆయనకూ ఉంది. స్మార్ట్ వాచీలో కనిపించే వీఓటూ మ్యాక్స్ అంకెను మాత్రం రుజువుగా తీసుకెళ్లకు. వాచీ ఆక్సిజన్‌ను కొలవదు, నీ వేగం, గుండె వేగం చూసి అంచనా కడుతుంది. ఎండలో గుండె వేగం పెరిగితే అదీ మారిపోతుంది.

సైక్లింగ్‌కు మారాలా అన్నావు. 49 వచ్చిందని మారాలనుకోవడం విచిత్రంగా ఉంటుంది, ఆ అంకె నీకు సైకిల్ అలవాటు లేదని చెప్తోంది గనక. సైకిల్ సరదాగా ఉండి, పోటీ పడాలని నిజంగా అనిపిస్తే అది వేరే మాట. అప్పుడు మంచి సైకిల్ ధర, రోడ్డు మీద భద్రత, మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కాల్సిన ఏడాదో రెండేళ్లో, వీటి గురించి ఇంట్లో మాట్లాడుకోవాలి. నొప్పి ఉన్న రోజుల్లో సాధనగా మాత్రం సైకిల్ చాలా మంచిది. నేల దెబ్బ లేకుండా గుండెకు పని పెడుతుంది. ఒక్కటి గుర్తుంచుకో, పరుగులో వాడే గుండె వేగం హద్దులు సైకిల్‌కు తేవొద్దు. పరుగులో 170 సులువుగా అనిపిస్తే సైకిల్ మీద అదే 170 తొడలను చంపేస్తుంది. అక్కడ మాట్లాడగలుగుతున్నావా లేదా అన్నదే చూసుకో. సీటు ఎత్తు ఈసారి నువ్వే సర్దుకో.

నాన్నగారి మాట. ఆయన పరుగు మానెయ్యమంటున్నది నీ మీద నమ్మకం లేక కాదని నా నమ్మకం. ఫోన్లో నీ ఏడుపు విన్నారు, ఖర్చు ఇంటి మీద పడుతుందని విన్నారు. బీఈడీ మంచి చదువే. దాన్నీ పరుగునూ ఒకదానికొకటి అడ్డం పెట్టుకోవాల్సిన పని లేదు. నీ డిగ్రీ పూర్తవడానికి ఇంకా టైముంది, ఆ లోపు రెండూ సాగుతాయి. రైల్వే, పోలీసు లాంటి చోట్ల స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగాలుంటాయి. వాటిలో మొదట చూసేది పోటీల్లో నీ స్థానం, సర్టిఫికెట్లు. ఇంటికి వెళ్లిపోతే ఊరట దొరుకుతుంది, అమ్మ చేతి అన్నం దొరుకుతుంది, ఎముక కూడా మానుతుంది. కానీ ఈ ఒక్క కాగితం వల్ల వెళ్లిపోతే, నిజంగా శక్తి ఎంతుందో తెలియకుండా వదిలేశానన్న బాధ ఉండిపోతుందేమో ఆలోచించుకో. ఉండిపోతే ఖర్చు ఎవరు భరిస్తారో, ఎన్నాళ్లు భరిస్తారో ఆయనతో స్పష్టంగా మాట్లాడాలి. ఆయన పంట డబ్బుతో నువ్వు పరిగెడుతున్నావన్నది మర్చిపోకూడదు.

ఆయనకు ఫోన్ చేసి అంకెల సంగతి చెప్పకు, అది ఆయనకు అక్కర్లేదు. డాక్టరుకు చూపించుకుంటున్నానని, నెలసరి విషయం అమ్మకు చెప్పానని, వచ్చే సీజన్ చివరికి ఫలానా తేదీన కూర్చుని మళ్లీ మాట్లాడుకుందామని చెప్పు. ఆ తేదీ నువ్వే పెట్టు. వీలైతే డాక్టర్ దగ్గరికి అమ్మను రమ్మను. రిపోర్టులు వచ్చాక, మీ గుంపు అంకెలు రాసుకున్న కాగితంతో పాటు నాకు మళ్లీ రాయి. ఏ దారి ముందు పట్టాలో అప్పుడు కలిసి చూద్దాం.